పెద్ద హాల్లో పది గంటల చీటీ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలదీసి లాభం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. లిఫ్టులో కాసేపు ఇరుక్కుంటే బొగ్గుగనిలో కూరుకుపోయి బయటపడ్డానని చెబుతాను. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద వాననీళ్లలో బండి ఆగిపోతే, ఈదుకుంటూ ఇంటికి చేరానని చెబుతాను. నా భార్య నా మాటల్ని నాలుగుతో భాగించుకుని వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. అసూయను మాత్రం భాగించకండి. దాన్ని నేను పెంచలేదు. పెంచడానికి అందులో ఖాళీ లేదు.

ఆ అసూయకు కారకుడు అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. కుర్రాడు అంటున్నాను గాని, ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాడు. ఒకప్పుడు మాదాపూర్‌లో నేను పనిచేసే కంపెనీలో నా పక్క సీట్లో ట్రైనీగా చేరాడు. మా ఫ్రేమ్‌వర్క్‌లో అతని చేత ఓనమాలు దిద్దించింది నేనే. ఫ్రేమ్‌వర్క్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. అపార్ట్‌మెంటు కట్టేవాడు ముందుగా పిల్లర్లు, స్లాబులు లేపి నిలబెడతాడు చూడండి, సాఫ్ట్‌వేర్‌లో అలాంటిదే ఇది. పిల్లర్లు వేరెవరో లేపి ఇస్తారు. మనం గోడలు కట్టుకుని, తలుపులు బిగించుకుని, రంగులు వేసుకుని, ఆ పిల్లర్లు లేపినవాణ్ణి తిట్టుకుంటూ బతుకుతాం.

నేను అలా తిట్టుకుంటూ బతుకుతూ ఉండగానే ఇతను వెళ్లి పిల్లర్లు లేపేవాళ్లలో కలిసిపోయాడు. ఇప్పుడు నేను రాసే ప్రతి ప్రోగ్రామూ అతను పోసిన స్లాబు మీద నిలబడి ఉంటుంది. పొద్దున్నే ఆఫీసుకెళ్లి కంప్యూటర్ తెరిస్తే చాలు, అతని భుజాలెక్కి కూర్చున్నట్టుంటుంది నాకు.

దానికి తోడు జుట్టు. ఈ వయసులోనూ అతని తల మీద ఒక్క వెంట్రుకా రాజీనామా చేయలేదు. దానికి తోడు పార్కింగ్. హైటెక్ సిటీలో అతను ఎక్కడికి వెళ్లినా అప్పుడే ఎవరో కారు తీస్తూ ఉంటారు. నేను మీటింగుకు వచ్చి, కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ బాలానగర్ దాకా వెళ్లిపోయిన రోజులున్నాయి. ఇక వేదిక ఎక్కితే కంప్యూటర్ అతని మాట పెంపుడు పిల్లిలా వింటుంది. నన్ను చూస్తే ప్రొజెక్టర్ కూడా నీలిరంగుకు తిరుగుతుంది.

అన్నిటికన్నా ఘోరం, అతను మంచివాడు. కాస్త పొగరు ఉండి ఉంటే నేను ఎంత హాయిగా ద్వేషించుకునేవాణ్ణి. ఎక్కడ కనపడినా "అన్నా, బాగుండావా?" అని పరిగెత్తుకొస్తాడు. ఆ పిలుపులో నేను ఇంతవరకు ఒక్క లొసుగు కూడా పట్టుకోలేకపోయాను.

మా ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లమంతా కలిసి ఏడాదికోసారి ఇక్కడే ఒక సదస్సు జరుపుకుంటాం. జీతం భత్యం లేని పని. శనివారాలు కూర్చుని ఎవరు ఏం మాట్లాడాలో, ఏ హాల్లో, ఏ వేళకు మాట్లాడాలో ఒక కమిటీ నిర్ణయిస్తుంది. అందులో నేనూ ఉంటాను, అతనూ ఉంటాడు. సదస్సులో ప్రసంగాలన్నీ ఒకటి కాదు. పెద్ద హాల్లో పొద్దున పది గంటల ప్రసంగం ఉంటుంది. అప్పటికి జనం టిఫిన్లు చేసి, కాఫీ తాగి, నిద్రమత్తు వదిలి, ఇంకా ఆకలి మొదలవక, దేవతల్లా కూర్చుని వింటారు. అది దక్కినవాణ్ణి ఏడాది పొడుగునా జనం గుర్తుపడతారు. చిన్న గది మేడ మీద ఉంటుంది. బాత్రూం గోడను ఆనుకుని ఉంటుంది. అక్కడ మాట్లాడేవాడు ఏ ముఖ్యమైన మాట అన్నా, గోడ అవతల ఎవరో చేతులు ఆరబెట్టుకునే మిషన్ కింద చేతులు పెడతారు. విమానం లేచినంత హోరు. నేను ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నది ఆ గదిలోనే. నా ప్రసంగాలను గోడ అవతలివాళ్లే ఎక్కువగా విన్నారని నా అనుమానం.

ఆ ఏడు నేను పట్టుపట్టాను. నా విషయం గట్టిది. ఒక పెద్ద పాత ప్రోగ్రామును, ఒక్క పూట కూడా ఆపకుండా, ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్ మీదికి ఎక్కించాను. ఇంట్లో కాపురం ఉంటూనే కింద పిల్లర్లు మార్చడం లాంటి పని. దీన్ని పెద్ద హాల్లో, పది గంటలకు చెప్పాలి. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేశాను. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చూచాయగా తెలియజేశాను. చూచాయగా అంటే, సెక్రటరీ కొబ్బరికాయ కొట్టి పంపిస్తానన్నాడు.

"ఏవండీ, ఇంకా ఖాయం కాలేదుగా," అంది నా భార్య. ఆవిడది కాకినాడ. మర్యాదగా పొడుస్తుంది.

"ఖాయమైనట్టే. ఆ కుర్రాడు అడ్డుపడకపోతే."

"ఆ అబ్బాయి ప్రస్తావన లేకుండా మీరు అన్నం తిని ఎన్నాళ్లయిందండి? వడ్డించేటప్పుడు అతనికీ ఓ కంచం పెట్టాలనిపిస్తోంది నాకు."

ఆ శనివారం మా కమిటీ సమావేశం ఒక కంపెనీ భవనంలో జరిగింది. మా కన్వీనర్ కరీంనగర్ ఆవిడ, ఆ కంపెనీలోనే పెద్ద ఉద్యోగం. సెలవురోజున గది ఇప్పించగలిగింది గాని ఏసీ వేయించలేకపోయింది. శనివారం ఆ భవనానికి ఏసీ ఉండదు. నాలుగువైపులా మూసిన గాజుగది. ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టుంది. నేను లోపలికి వెళ్లేటప్పుడు ఉన్న బరువుతో బయటికి రాలేదు.

మా పద్ధతి ఇది. కారిడార్ వైపున్న గాజుగోడ మీద లోపలినుంచి మార్కర్‌తో గళ్లు గీస్తాం. నిలువు వరుసలు రెండు. ఎడమది పెద్ద హాలు, కుడిది మేడ మీద చిన్న గది. పైన పేర్లు గాని పక్కన గంటలు గాని రాయం, ఏది ఏదో అందరికీ తెలుసు. పైనుంచి కిందికి పది, పదకొండు, పన్నెండు, అలా గంటలు. ఒక్కో ప్రసంగానికి ఒక్కో రంగు చీటీ. దాన్ని గడిలో అంటిస్తాం, వాదించుకుంటాం, పీకి ఇంకో గడిలో అంటిస్తాం. అనుభవం చెప్పే ప్రసంగానికి ఆకుపచ్చ చీటీ. ఆ ఏడు ఆకుపచ్చ చీటీ నాదొక్కటే. మిగతావన్నీ పసుపు. అందుకని నా చీటీని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు.

ఇంకో ఆచారం ఉంది. ఎవరి ప్రసంగం మీద చర్చ వస్తే వాళ్లు గది బయటికి వెళ్లి నిలబడాలి. మిగతావాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలట.

"అన్నా, ఇగ నీది తీస్తున్నం. జర బయటికి పోతవా?" అంది కన్వీనర్, ఆకుపచ్చ చీటీ చేతిలోకి తీసుకుంటూ.

"పెద్ద హాలు అన్నది మరిచిపోకండి," అన్నాను గుమ్మం దగ్గర ఆగి.

"గదే, గట్ల మాట్లాడుతవనే బయటికి పంపుతున్నం."

కారిడార్‌లోకి వచ్చి గాజుగోడకు ముక్కు ఆనించి నిలబడ్డాను. మాటలు వినిపించవు, మనుషులు మాత్రం తొట్టెలో చేపల్లా కనిపిస్తారు. పక్కనే స్టూలు మీద సెక్యూరిటీ ఆయన కూర్చుని ఉన్నాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి.

"ఏంది సార్, మిమ్ములను బయట నిలవెట్టిన్రు?"

"లోపల నా గురించి మాట్లాడుకుంటున్నారు."

"మీ గురించి మాట్లాడనీకి మిమ్ములనే ఎల్లగొట్టిన్రా? మా ఊర్ల పంచాయితీల గూడ గిట్ల జెయ్యరు సార్. మనిషిని ఎదురుంగ కూసోవెట్టే తిడ్తరు."

ఆయనా లేచి వచ్చి నా పక్కన నిలబడి చూడటం మొదలుపెట్టాడు. కన్వీనర్ లేచింది. ఆకుపచ్చ చీటీని తెచ్చి గాజుకు అంటించింది. నాకు ఎడమవైపు వరుసలో, అన్నిటికన్నా పైగడిలో. పెద్ద హాలు, పది గంటలు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే గాజుగోడ కదిలింది. అదే నిమిషంలో వేదిక, లైట్లు, నా కొత్త కోటు, నేలమీద కూడా చోటు లేక గుమ్మంలో నిలబడ్డ జనం, అన్నీ చూసేశాను.

అప్పుడు అతను లేచాడు.

తల అడ్డంగా ఊపాడు. నా చీటీ వైపు వేలు చూపించాడు. ఏదో గట్టిగా అన్నాడు. కన్వీనర్ మొహం చిట్లించింది. మిగతా ఇద్దరు సభ్యులు ముందు కాదన్నట్టు చేతులు తిప్పి, తర్వాత అవునన్నట్టు తలలు ఊపారు. అతను గోడ దగ్గరికి నడిచి వచ్చి నా చీటీ పీకాడు. పీకి, నా కళ్ల ముందే, కుడివైపు వరుసలో అంటించాడు. అంటుకోదేమోనని బొటనవేలితో రెండోసారి నొక్కాడు కూడా.

"సార్, మీ పచ్చ చీటీ పీకి అవుతల వెట్టిండు," అన్నాడు సెక్యూరిటీ ఆయన, నాకు కళ్లు లేనట్టు.

"చూశాను."

"ఎవలు సార్ ఆయన? మీకు పడదా?"

"నేను పని నేర్పినవాడు."

"అట్లనా," అని ఆయన మళ్లీ గాజు లోపలికి చూశాడు. "అయితే మంచిగనే నేర్పిన్రు సార్."

నా ఒంట్లో రక్తం మరిగింది. ఏసీ లేని భవనంలో అంతకు ముందే సగం మరిగి ఉంది. పైకి అన్నా అన్నా అంటూ లోపల ఇదా వ్యవహారం. మళ్లీ ఆ గది, మళ్లీ ఆ హోరు. నేను మనిషినేనా, చేతులు ఆరబెట్టే మిషన్‌కు పక్కవాద్యమా? ఫోను తీశాను. కమిటీ గ్రూపులో ఇంగ్లీషులో రాశాను. కోపం మనకు రాని భాషలో హుందాగా కనిపిస్తుంది. పని ఒత్తిడి వల్ల నా ప్రసంగాన్ని విరమించుకుంటున్నానని, చిన్నవాళ్లకు అవకాశాలు రావాలన్నదే మొదటినుంచీ నా కోరిక అని, ఇది తుది నిర్ణయమని రాసి, తుది అన్నమాట చాలదనిపించి ఇంకోసారి రాసి, పంపించాను.

లోపల అందరి ఫోన్లూ ఒక్కసారి వెలిగాయి. అందరి తలలూ నా వైపు తిరిగాయి. అతను గాజు దగ్గరికి వచ్చి, ఏమైందన్నట్టు అరచెయ్యి తిప్పాడు. నేను పదవి వదులుకుంటున్న నాయకుడిలా రెండు చేతులూ జోడించాను. కన్వీనర్ నిట్టూర్చి ఆకుపచ్చ చీటీ తీసేసింది.

గెలిచినవాడిలా తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. వెళ్లి గాజుగోడ వైపు తిరిగాను.

ఎడమవైపు వరుసలో, అన్నిటికన్నా పైగడి ఖాళీగా ఉంది. గాజు మీద చీటీ అంటించిన బంక మరక ఇంకా కనిపిస్తోంది. కుడివైపు వరుసలో పైగడిలోనూ ఒక మరక ఉంది, కాస్త ఆరినట్టుగా. ఆ రెండు మరకల్నీ చూస్తూ, మెల్లగా, నేను బయట ఎక్కడ నిలబడ్డానో గుర్తు చేసుకున్నాను. లోపలి కుడి నాకు ఎడమ. లోపలి ఎడమ నాకు కుడి.

"ఈ ఖాళీ గడి ఎవరిది?" అన్నాను.

"ఎవలిదేంది అన్నా, నీదే," అంది కన్వీనర్. "మొదాలు నేను చిన్న గదిల వెట్టిన. ఈన లేచి లొల్లి వెట్టిండు. అన్నను ఇంకెన్నేండ్లు ఆ బాత్రూం పక్కన నిలవెడ్తరని. మా అందర్ని ఒప్పిచ్చి పెద్ద హాల్ల వెట్టిండు. గంతల్నె నీ మెసేజ్ వచ్చె."

"ఏమన్నా, అంత పనుండాదా?" అన్నాడు అతను. "ఒక్క గంట వచ్చి మాట్లాడిపోయేకి కూడా కుదరదా?"

నోరు తెరిచి ఉన్నమాట చెప్పెయ్యవచ్చు. ఇన్నేళ్ల అనుభవమున్న ఇంజనీరు, గాజు వెనకనుంచి చూస్తే కుడి ఎడమలు మారతాయన్న సంగతి మరిచిపోయాడని చెప్పాలి. చెబితే ఆ కబురు సాయంత్రానికల్లా నార్సింగి దాకా ఉన్న ప్రతి క్యాంటీన్‌లోనూ టీతోపాటు అందించేవారు. ఇంకో అడ్డంకి కూడా ఉంది. అంతకుముందు ఏడాది ఒక పెద్దమనిషి పొద్దున అలిగి మానుకుని, సాయంత్రం బతిమాలించుకుని వచ్చి, మమ్మల్ని పరేషాన్ చేశాడు. ఒకసారి మానుకున్నవాణ్ణి మళ్లీ చేర్చకూడదని అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. దాన్ని ప్రతిపాదించి, బల్ల గుద్ది ఒప్పించింది నేనే.

"కుదరదు," అన్నాను.

"రెండుసార్లు తుది అని రాసినవ్. ఇగ నేనేం జెయ్యాలె," అంది కన్వీనర్. "అయితే పది గంటలకు పెద్ద హాల్ల ఎవల్ని వెడ్దాం?"

అందరూ అతని వైపు చూశారు. నియమం ప్రకారం అతను లేచి బయటికి వెళ్లాడు. సరిగ్గా నేను నిలబడిన చోటే, నా ముక్కు మరక పక్కనే నిలబడ్డాడు. సెక్యూరిటీ ఆయన అతన్ని అనుమానంగా చూశాడు.

లోపల చర్చే లేదు. ముగ్గురు చేతులు ఎత్తారు. నా చెయ్యి సిమెంటు బస్తాలా ఉంది. అందరూ నా వైపు చూస్తుంటే దాన్ని రెండో చేత్తో పట్టుకుని లేపాను. కన్వీనర్ అతని పసుపు చీటీని తెచ్చి ఎడమ వరుస పైగడిలో, నా బంక మరక మీదే అంటించింది.

అతను బయటనుంచి అది చూశాడు. చూసి, బొటనవేలు పైకెత్తి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. నేను లోపల కుళ్లిపోయాను. అంత బాహాటంగా సంబరపడాలా?

తలుపు తోసుకుని వస్తూనే అన్నాడు, "నాకు పైన రూమే ఇచ్చిరా అక్కా? మంచిదేలే. చిన్న రూమైతేనే నాకు సుఖం. ఎదురెదురుగా కూచోని మాట్లాడొచ్చు."

కన్వీనర్ పగలబడి నవ్వింది. "పిచ్చోడా, ఇటు వచ్చి చూడు. అద్దం ఎనకకెల్లి తిరగేసి చూసినవ్. నీకిచ్చింది పెద్ద హాలే."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. నవ్వడంతో ఊరుకోలేదు. గాజు వెనక నిలబడినప్పుడు దిక్కులు ఎందుకు తారుమారవుతాయో, మనిషి కన్ను ఎలా మోసపోతుందో, మార్కర్ తీసుకుని బొమ్మ గీసి మరీ అతనికి వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు. విని, ఇప్పుడు తన చీటీ ఉన్న నా పాత గడి వైపు ఒకసారి, నా జేబులోని ఫోను వైపు ఒకసారి, నా మొహం వైపు అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపు చూశాడు. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. అది కూడా నా లెక్కలోనే వేసుకోండి, అసూయపడవలసిన వాటిలో.

ఇంటికి వెళ్లగానే నా భార్య అడిగింది.

"పెద్ద హాలేనాండి?"

"పెద్ద హాలే."

"పదింటికేనా?"

"పదింటికే."

"మాట్లాడేది మీరేనా?"

ఆవిడకు ఎక్కడ భాగించాలో బాగా తెలుసు. నాకు దక్కింది ఆ సెషన్‌కు అధ్యక్షత. ప్రసంగం ఎలాగూ మానుకున్నావు కదా, ఆ గంటసేపు సమయమైనా చూసుకోమని కన్వీనర్ అప్పజెప్పింది. వక్తను పరిచయం చెయ్యడం, ముందు వరుసలో కూర్చుని ఇంకా ఇంత సమయం ఉందని అట్టముక్కలు చూపించడం అధ్యక్షుడి పని. కొత్త కోటు వేసుకునే వెళ్లాను. అపార్ట్‌మెంటు సెక్రటరీ నిజంగానే కొబ్బరికాయ కొట్టాడు.

హాలు నిండిపోయింది. నేను కలగన్నట్టే నేలమీద కూడా చోటు లేదు, గుమ్మంలో జనం నిలబడ్డారు. పరిచయం నేను రెండు వాక్యాల్లో ముగించాను. నా జీవితంలో పెంచకుండా చెప్పిన సంగతి అదొక్కటే. అతను మొదలుపెట్టాడు. ప్రొజెక్టర్ నీలిరంగుకు తిరగలేదు. డెమో మొదటిసారే పనిచేసింది. జనం నవ్వవలసిన చోట నవ్వారు. ఒక అమ్మాయి లేచి కఠినమైన ప్రశ్న వేసింది. అతను కాస్త ఆలోచించి, "అది నాకు తెలీదు, చూసి చెప్తా," అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు. నేను తెలీదంటే చేతకానితనం, అతను తెలీదంటే వినయం. ఇంకా అయిదు నిమిషాలే ఉందన్న అట్టముక్క నేను కాస్త ముందుగానే లేపాను. ఆ రోజు నా వాచీ హుషారుగా నడిచింది. అతను కంగారుపడకుండా, మిగిలిన విషయం చక్కగా కుదించి, నేను చెప్పిన సమయానికే ముగించాడు. ఆ కుదించిన ముగింపే అందరికీ బాగా నచ్చిందట.

వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "ఎట్లుండాదన్నా?" అని అడిగాడు. నేను లేచి, అతని భుజం తట్టి, "చాలా బాగా చెప్పావు. నేను చెప్పినా ఇంత బాగా ఉండేది కాదు," అన్నాను. అతని కళ్లు చెమ్మగిల్లాయి. నావి కూడా.

ఇక అసలు సంగతి ఒప్పుకోవాలి. పార్కింగ్ కోసం బాలానగర్ వెళ్లడం, గుండె చప్పుడుకు గాజు కదలడం, ఇలాంటివన్నీ నేను పెంచినవి. వాటి లోపల ఎంతో కొంత జరిగినదే ఉంది. గాజు వెనక నిలబడి తిరగేసి చూసింది, ఆ మెసేజ్ పంపింది, అక్షరాలా జరిగాయి. జరగనిదాన్ని పూర్తిగా కల్పించి రాసింది ఒక్క చోటే. భుజం తట్టడం, బాగా చెప్పావనడం, కళ్లు చెమ్మగిల్లడం.

అతను అడిగిన మాట నిజమే. నేను కూర్చున్న చోటునుంచి లేవకుండా అన్నది ఇది: "మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నావు."

"అవునా అన్నా? చెప్పినావు, మంచిదైంది," అన్నాడు.

అప్పట్నుంచి ఎక్కడ మాట్లాడినా మైకు కాస్త దూరంగా పెట్టుకుంటున్నాడు. ఇదివరకటికన్నా ఎంతో బాగా వినిపిస్తోంది.